తుపాకీ లైసెన్సు, చట్టం, వాదోపవాదాలు: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న పోయి మూడేళ్ళు. ఆయన తుపాకీ సంగతి తేలడానికే పదకొండు నెలలు పట్టింది. ఊరు మదనపల్లె దగ్గర, నా ఉద్యోగం బెంగళూరులో, లైసెన్సు ఆంధ్రాది. అడిగిన ప్రతివాళ్ళూ తలా ఒకటి చెప్పారు. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి మా కె.ఆర్.పురం అపార్ట్‌మెంట్‌లో ఒకాయనకు చెప్పాను. ఆయన ఇంకొకరికి నా నంబరు ఇచ్చాడు. ఇప్పుడు నెలకు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తున్నారు, అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను వకీలును కాను. మీ మీద కేసు గానీ నోటీసు గానీ ఉంటే ఇది చదివి ఊరుకోకండి, వకీలును కలవండి.

మన దేశంలో తుపాకీ పెట్టుకోవడం హక్కా?

కాదు, అనుమతి మాత్రమే. సర్కారు ఇస్తే ఉంటుంది, వెనక్కి తీసుకుంటే పోతుంది. దీనికి మూలం 1959 ఆయుధ చట్టం, 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. 2016లో దాని కింద కొత్త నిబంధనలు వచ్చాయి, 2019లో చట్టాన్నే సవరించారు.

ఈ ప్రశ్న వెనక పాత గాయం ఒకటి ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్ళకు మన చేతిలో ఆయుధం అంటే భయం పట్టుకుంది. 1878లో వైస్రాయ్ లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధ చట్టం ప్రకారం భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కు అక్కర్లేదు. ఆ అవమానం మన నాయకుల మనసులో చాలాకాలం ఉండిపోయింది. అందుకే 1931 కరాచీ తీర్మానంలో కాంగ్రెస్ రాసుకున్న ప్రాథమిక హక్కుల్లో, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా చోటు చేసుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో సభ్యుడు హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని సవరణ పెట్టారు. విభజన నాటి నెత్తురు ఇంకా ఆరని రోజులవి. సభ ఒప్పుకోలేదు. 2023 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక కేసు వింటూ సుప్రీంకోర్టు కూడా అదే గుర్తు చేసింది: అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టు మన దగ్గర అలాంటి హక్కు లేదని.

తుపాకీ హక్కు కావాలనేవాళ్ళు 1959 చట్టం 1878 చట్టానికి పుట్టిన బిడ్డే అంటారు. పరాయి పాలకుడు ప్రజల్ని నమ్మలేదు సరే, మన సర్కారు మనల్ని ఎందుకు నమ్మదు అన్నది వాళ్ళ ప్రశ్న. ఇందులో సగం న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. మిగతా సగం ఎందుకు ఒప్పుకోనో కింద చెబుతాను.

బెంగళూరులో లైసెన్సు ఎవరిస్తారు?

నగర పరిధిలో పోలీసు కమిషనర్, జిల్లాల్లో కలెక్టరు (ఇక్కడ డీసీ అంటారు). దరఖాస్తు ఫారం ఏ-1, కేంద్ర హోంశాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో వెయ్యాలి. తర్వాత మీ ఏరియా స్టేషన్ వాళ్ళు విచారణకు వస్తారు. ఇరుగుపొరుగును అడుగుతారు, పాత కేసులు చూస్తారు. స్టేషన్ నుంచి నివేదిక వెళ్ళాక 60 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలని నిబంధన. వాస్తవంలో చాలామందికి అంతకంటే ఎక్కువే పడుతోంది.

వయసు 21 నిండాలి. తుపాకీ వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. కర్ణాటకలో పోలీసులే మామూలు జనానికి శిక్షణ శిబిరాలు పెడతారు. కన్నడ పేపర్లో 'నాగరిక బందూకు తరబేతి' అని ప్రకటన కనబడితే అదే. తుపాకీని, తూటాల్ని భద్రంగా తాళం వేసి ఉంచుతానని హామీ పత్రం కూడా ఇవ్వాలి. ఆ పత్రం మీద చదవకుండా సంతకం పెట్టేస్తారు చాలామంది. ఆ కాగితాలన్నిటిలోకీ ముఖ్యమైనది అదే.

లైసెన్సు ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా అడగండి. అప్పీలు చేసుకునే దారి చట్టంలోనే ఉంది.

నేను రాత్రి షిఫ్టు చేసి రెండింటికి ఇంటికి వస్తాను, ఒంటరి ఆడదాన్ని. ఆ కారణం మీద ఇస్తారా?

భయం ఒక్కటీ చాలదు. ప్రాణానికి ప్రత్యేకంగా మీకే ముప్పు ఉందని చూపించాలి: బెదిరింపులు, పాత ఫిర్యాదులు, నగదు తీసుకెళ్ళే వ్యాపారం లాంటివి. అధికారికి ఇక్కడ చాలా విచక్షణ ఉంది, దాని మీదే పెద్ద గొడవ కూడా ఉంది. రాజకీయ నాయకుడికి, రియల్ ఎస్టేట్ ఆసామికి చకచకా దొరికే లైసెన్సు, నిజంగా భయపడుతున్న మనిషికి దొరకదన్నది జనం ఆరోపణ. ఆ బాధ అర్థం చేసుకోదగ్గది.

ఢిల్లీలో 2012 డిసెంబరు ఘోరం తర్వాత 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' అనే తేలికపాటి .32 రివాల్వర్ తెచ్చింది. బరువు అర కిలో, ధర లక్ష పైన. అప్పుడే చాలామంది ఆడవాళ్ళు అడిగారు, లక్ష పెట్టి రివాల్వర్ కొనుక్కోగలిగేది ఎవరు అని. మా ఆవిడ తొమ్మిదేళ్ళు రాత్రి షిఫ్టు చేసింది. ఆమె కోరుకున్నది వీధిలో లైటు, ఆఫీసు క్యాబ్ గేటు దాకా రావడం, ఫోన్ చేస్తే పోలీసు బండి పది నిమిషాల్లో రావడం. ఆ మూడూ లేనిచోట తుపాకీ గురించి మాట్లాడటం అసలు బాధ్యత నుంచి తప్పుకోవడమే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఒకరికి ఎన్ని తుపాకులు?

రెండు. 2019కి ముందు మూడు. బిల్లులో మొదట ఒకటే అన్నారు, అభ్యంతరాలు వచ్చాక రెండుకు ఒప్పుకున్నారు. వారసత్వంగా వచ్చినా ఆ రెండు దాటకూడదు. లైసెన్సు గడువు మాత్రం అదే సవరణతో మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది.

తండ్రి పోయారు. ఆయన తుపాకీ ఊళ్ళో ఇంట్లో ఉంది. ఏం చెయ్యాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. నేనూ ఆ తప్పు చెయ్యబోయాను.

మా నాన్నది 12 బోర్ సింగిల్ బ్యారెల్. సామాన్ల గదిలో తలుపు వెనక కొయ్య మేకుకు, గుడ్డ సంచిలో వేలాడేది. నలభై ఏళ్ళు ఆయన చెయ్యి ఆనిన చోట మడమ మీద వార్నిష్ పోయి చెక్క నున్నగా తేలింది. తూటాలు ఒక హార్లిక్స్ సీసాలో ఉండేవి. ఏడు, ఎర్ర ప్లాస్టిక్‌వి, అడుగున ఇత్తడికి పచ్చగా చిలుము పట్టింది. పెద్దకర్మ అయిన రాత్రి అమ్మ, "ఇది ఇంట్లో ఉంటే నాకు నిద్ర రాదురా, తీసుకుపో" అంది. నేను సరేనని కారు డిక్కీలో పెట్టేశాను, పొద్దున్నే చీకలబైలు చెక్‌పోస్టు మీదుగా బెంగళూరు వచ్చేద్దామని. మా మేనమామ రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. భోజనాల దగ్గర ఈ మాట విని విస్తరి ముందు నుంచి లేచి వచ్చాడు. "ఒరే, ఆ లైసెన్సు మీ నాన్నది. ఆయనతోనే పోయింది. నువ్వు దాన్ని ముట్టుకుని రోడ్డెక్కితే అది లైసెన్సు లేని ఆయుధమే" అన్నాడు.

ఆ మాట అక్షరాలా నిజం. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ దగ్గర పెట్టుకుంటే కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళు జైలు. నిషేధిత రకం అయితే ఏడు నుంచి పద్నాలుగేళ్ళు. నాన్న గుర్తు కదా అంటే చట్టం వినదు.

చెయ్యాల్సింది ఇదీ. ఆలస్యం చెయ్యకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చెయ్యాలి. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పి తీసుకెళ్తే మేలు. మేం అలాగే వెళ్ళాం. స్టేషన్ రైటర్ కళ్ళద్దాలు తుడుచుకుని బ్యారెల్ మీద నంబరు ఒక్కొక్క అంకె చదివాడు, తూటాలు బల్ల మీద నిలబెట్టి లెక్కపెట్టాడు, రసీదు రాశాడు. ఆ రసీదు ప్రాణంలా దాచుకోండి.

తర్వాత మూడు దారులు. వారసుల్లో ఒకరు, మిగతావాళ్ళ అభ్యంతరం లేదన్న పత్రాలతో, తన పేరు మీద లైసెన్సుకు పెట్టుకోవచ్చు. లైసెన్సున్న మరొకరికి గానీ డీలరుకు గానీ అమ్మేయవచ్చు. లేదా సర్కారుకే అప్పగించవచ్చు. 2016 నిబంధనల్లో ఇంకో వెసులుబాటు ఉంది: తండ్రి బతికి ఉండగానే, ఆయనకు 70 ఏళ్ళు నిండినా, ఆ తుపాకీ తన దగ్గర 25 ఏళ్ళుగా ఉన్నా, వారసుడి పేరు తానే సూచించవచ్చు. మీ నాన్నగారు ఉన్నారంటే ఈ పని ఈ వారమే మొదలుపెట్టండి. మా ఇంట్లో ఎవరికీ ఇది తెలియదు. దాని ఫలితంగా నేను ఎన్నిసార్లు సెలవు పెట్టి మదనపల్లె వెళ్ళానో లెక్కలేదు. ఒక ఆఫీసులో ఫైలు నాలుగు నెలలు ఒకే బల్ల మీద ఉండిపోయింది.

చివరికి డీలరుకు ఇచ్చేశాను. అమ్మ ఆ మేకు కూడా పీకించింది.

ఆంధ్రా లైసెన్సుతో తుపాకీని బెంగళూరు తెచ్చుకోవచ్చా?

లైసెన్సు పుస్తకంలో చెల్లుబాటు ఎంతవరకు అని రాసి ఉంటుంది, ముందు అది చూడండి. రాష్ట్రం వరకే ఉంటే సరిహద్దు దాటకూడదు. కాపురం మార్చుకుంటే పాత అధికారికి, కొత్త అధికారికి ఇద్దరికీ తెలియజేసి పుస్తకంలో ఎక్కించుకోవాలి. ఇప్పుడు ప్రతి లైసెన్సుకూ జాతీయ డేటాబేస్‌లో ప్రత్యేక నంబరు ఉండాలి. అది లేని పాత లైసెన్సు చెల్లదు.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో ఎందుకు పెట్టమంటారు? నేనేం నేరం చేశాను?

ఎన్నికల కోడ్ వచ్చాక ఎవరి ఆయుధాలు డిపాజిట్ చేయించాలో జిల్లా స్థాయిలో స్క్రీనింగ్ కమిటీ చూడాలి. బెయిలు మీద ఉన్నవాళ్ళు, నేరచరిత్ర ఉన్నవాళ్ళు, పాత ఎన్నికల గొడవల్లో ఉన్నవాళ్ళు, వీళ్ళ విషయం ముందు చూడమని నియమం. కిందిస్థాయిలో మాత్రం అందరికీ ఒకే నోటీసు వస్తుంది. బ్యాంకు గార్డులకు, క్రీడాకారులకు మామూలుగా మినహాయింపు ఉంటుంది. కొడగు కాఫీ తోటల వాళ్ళు ప్రతి ఎన్నికకూ ఏనుగులున్న చోట తుపాకీ తీసుకుంటే మేమేం కావాలి అని అడుగుతూనే ఉంటారు.

సీమ నుంచి వచ్చినవాళ్ళకు ఈ నియమం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. ఓటు రోజు ఊళ్ళో ఎన్ని ఇళ్ళ తలుపులు మూసుకునేవో చూసి పెరిగాం. నాన్న ప్రతిసారీ కోడ్ వచ్చిన మర్నాడే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, సైకిలు మీద వెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. పెట్టమన్నప్పుడు పెట్టండి. మీకు నిజంగా అవసరం ఉంటే కమిటీకి అర్జీ రాయండి.

పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి ఒక రౌండు కాలిస్తే తప్పా?

నేరం. 2019 సవరణతో సంబరాల కాల్పులకు రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సున్నా సరే. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట దిగుతుంది.

ఊళ్ళో వేరుశనగ చేను అడవి పందులు తినేస్తున్నాయి. పంట కాపాడుకోవడానికి తుపాకీ ఇస్తారా?

ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ కోసం మందు కూరి పేల్చే తుపాకీకి ప్రత్యేకంగా చోటుంది. కాబట్టి లైసెన్సు రావచ్చు. లైసెన్సు ఉంటే పందిని కాల్చవచ్చు అనుకోవడం మాత్రం పొరపాటు. అడవి పంది 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. పంటకు ప్రమాదం అని అటవీశాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే చంపాలి. అది లేకుండా కాలిస్తే ఇంకో చట్టం కింద ఇంకో కేసు.

ఈ రెండు ఆఫీసుల మధ్య రైతు నలిగిపోతున్నాడు. అనుమతి కాగితం వచ్చేలోగా చేను అయిపోతుంది. ఓపిక నశించి ఎవరో ఒకరు నాటు తుపాకీ తెస్తారు. నాటు తుపాకీ గొట్టం ఎప్పుడు పగులుతుందో తెలియదు. మా పక్క ఊళ్ళో ఒకాయనకు అలాగే రెండు వేళ్ళు పోయాయి. ఆసుపత్రికి వెళ్తే కేసవుతుందని రెండు రోజులు గుడ్డ చుట్టుకుని ఇంట్లోనే ఉన్నాడు. పంట నష్టపరిహారం సరిగ్గా, త్వరగా ఇస్తే ఊళ్ళలో నాటు తుపాకులు సగం తగ్గుతాయని నా నమ్మకం. తుపాకీ చట్టాల మీద చర్చలో రైతు మాట దాదాపు వినపడదు.

కొడవులకు లైసెన్సే అక్కర్లేదంటారు, నిజమా?

నిజం. కొడగులోని కొడవ జాతివాళ్ళకు, జమ్మా భూములు (అక్కడ తరతరాలుగా వచ్చే ఒక రకం భూములు) ఉన్నవాళ్ళకు ఆయుధ చట్టం కింద లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. బ్రిటిష్ కాలంలో, 1861లో మార్క్ కబ్బన్ హయాంలో మొదలైంది. మన బెంగళూరు కబ్బన్ పార్కు పేరు ఆయనదే. కేంద్రం 2019లో దాన్ని మరో పదేళ్ళు, 2029 అక్టోబరు దాకా పొడిగించింది. ఇది సమానత్వానికి విరుద్ధం అంటూ ఒక విశ్రాంత సైనికాధికారి వేసిన కేసును కర్ణాటక హైకోర్టు 2021లో కొట్టేసింది.

వాళ్ళకు కోవి, అంటే తుపాకీ, దేవుడి గూట్లో ఉండేది. సెప్టెంబరులో కైల్‌పోళ్దు పండుగనాడు దానికి పూలు పెట్టి పూజ చేస్తారు. ఇంట్లో మగబిడ్డ పుడితే తుపాకీ పేల్చి ఊరికి చెబుతారు. మా ఆఫీసులో ఒక కొడవ మిత్రుడు ఉన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పిన మొదటి పాఠం తుపాకీ పేల్చడం కాదట, ఎత్తగానే ఖాళీగా ఉందా అని చూసుకోవడం. గొట్టం మనిషి వైపు తిరిగిందంటే ఆ పూట అన్నం ఉండేది కాదట.

జాతి పేరు మీద మినహాయింపు ఇవాళ్టి రోజుల్లో ఎందుకు అనేవాళ్ళ వాదన కొట్టిపారేయలేం. కొడగులో ఉండే మిగతా కులాల రైతులకూ అవే ఏనుగులు, అవే పులులు. అయినా ఆ ఆచారం తీసేయాలని నేను అనను. ఆ శిక్షణ, ఆ భక్తి మిగతా తుపాకీ ఇళ్ళలో ఎందుకు లేవు అన్నదే నన్ను తొలిచే ప్రశ్న.

పిల్లాడికి ఎయిర్‌గన్ కొనవచ్చా?

బోర్ (గొట్టం రంధ్రం కొలత) .177 అంగుళం లోపు, శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. దాటితే కావాలి. దానితో పిట్టల్ని, ఉడతల్ని కొడితే వన్యప్రాణి చట్టం కింద నేరం. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో పిట్టల్ని కాపాడుకోవడానికి జనమే ఎయిర్‌గన్‌లు తెచ్చి అప్పగించే ఉద్యమం మొదలైంది. పిల్లాడికి నిజంగా ఆసక్తి ఉంటే రైఫిల్ క్లబ్బులో చేర్పించండి. క్లబ్బు ఆయుధంతో, కోచ్ ముందు నేర్చుకోవడానికి సొంత లైసెన్సు అవసరం లేదు.

ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో బ్యాగులో పాత తూటా దొరికింది. ఇప్పుడేంటి?

మామూలుగా కేసు పెడతారు, ఫ్లయిట్ పోతుంది. తూటా కూడా ఆయుధ చట్టం కిందికే వస్తుంది. అయితే అది తన దగ్గర ఉందని మనిషికి తెలిసి ఉండాలి అని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. లైసెన్సున్న మామగారి బ్యాగు అల్లుడు తెచ్చుకోవడం లాంటి కేసుల్ని హైకోర్టులు చాలాసార్లు కొట్టేశాయి. ఆ లైసెన్సు కాపీ వెంటనే తెప్పించండి, వకీలు లేకుండా ఏమీ రాసివ్వకండి. పాత బ్యాగు ఏదైనా ప్రయాణానికి ముందు బోర్లించి దులపండి.

నేరగాళ్ళు లైసెన్సు తీసుకుంటారా? మరి మామూలు మనుషుల్ని ఎందుకు బిగించడం?

అసలు వాదం ఇదే. నేరాల్లో దొరికే తుపాకుల్లో చాలా ఎక్కువ భాగం లైసెన్సు లేనివే. 2017 సెప్టెంబరు 5న మన రాజరాజేశ్వరి నగర్‌లో పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌ను ఇంటి గుమ్మంలో కాల్చింది 7.65 మిల్లీమీటర్ల నాటు పిస్టల్‌తో. 2015లో ధార్వాడలో కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని చంపిన ఆయుధం కూడా అదేనని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. 2025 జనవరి 16న బీదర్‌లో ఏటీఎం డబ్బు బండి మీద కాల్పులు జరిపిన దొంగలు అదే రాత్రి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో మళ్ళీ కాల్చారు. వీళ్ళెవరూ ఫారం ఏ-1 నింపినవాళ్ళు కాదు.

2017 నాటి ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో జనం చేతిలో ఉన్నవి దాదాపు 7.1 కోట్ల తుపాకులు. అందులో నమోదైనవి కోటి లోపే. బెంగాల్ నవాబు మీర్ ఖాసిం కాలం నుంచి ఆయుధాలు చేసే చెయ్యి ఉన్న బీహార్ ముంగేర్‌లో ఇవాళ దొంగచాటు కొలుములు నడుస్తున్నాయి. అక్కడ తయారైనవి రైళ్ళలో, లారీల్లో దక్షిణానికీ వస్తాయి. 2019లో అక్రమ తయారీకి, అమ్మకానికి శిక్ష ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా పెంచారు. ఎక్కువసార్లు దొరికేది మోసుకొచ్చే కుర్రాడే, చేసినవాడు దొరకడం అరుదు. పోలీసుల బలం పెట్టాల్సింది అక్కడ.

లైసెన్సుల్లోనూ మురికి లేకపోలేదు. జమ్మూ కాశ్మీర్‌లో 2012 నుంచి 2016 మధ్య అర్హత లేనివాళ్ళకు రెండున్నర లక్షలకు పైగా లైసెన్సులు ఇచ్చారని సీబీఐ కేసు నడుస్తోంది. 2016 చివరికి దేశం మొత్తం లైసెన్సులు 33.69 లక్షలు, ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12.77 లక్షలు. అన్ని లైసెన్సులున్నాయి కదా అని అక్కడి జనం నిశ్చింతగా నిద్రపోతున్నారా? అందరికీ తుపాకీ ఇస్తే నేరం తగ్గుతుందనేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

దొంగ ఇంట్లో దూరితే కాల్చవచ్చా?

ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. ప్రాణాపాయం, రాత్రిపూట ఇల్లు పగలగొట్టడం, దోపిడీ లాంటి సందర్భాల్లో అది ప్రాణం తీసే దాకా కూడా వెళ్ళవచ్చు. కానీ అవసరానికి మించి హాని చెయ్యకూడదు. పారిపోతున్నవాడి వీపున కాలిస్తే అది ఆత్మరక్షణ కాదు. కోర్టులో ప్రతి సెకనుకూ మీరే లెక్క చెప్పుకోవాలి.

మా అబ్బాయి అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నాడు. అక్కడ అందరూ కొంటున్నారు, తనూ కొంటానంటున్నాడు.

ఆపండి. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని కొనేవాళ్ళు ఉన్నారు. కొనేటప్పుడు నింపే ఫారంలో అబద్ధం రాస్తే అదొక నేరం, వీసా కూడా పోవచ్చు. గ్రీన్‌కార్డు ఉంటే కొనవచ్చు, అప్పుడు రాష్ట్రాల చట్టాలు వేరు.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఓలేత్‌లో మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపారు. 2023 మేలో టెక్సాస్ ఆలెన్ మాల్‌లో మరో తెలుగు అమ్మాయి పోయింది. ఇక్కడ మారతహళ్ళిలో, వైట్‌ఫీల్డ్‌లో పిల్లల్ని అక్కడికి పంపిన తల్లిదండ్రులకు రాత్రిపూట ఫోన్ మోగితే టెన్షన్. అయినా లెక్క చూడండి. 2021లో అమెరికాలో తుపాకీకి పోయిన 48,830 మందిలో 26,328 మందివి ఆత్మహత్యలు. పరాయివాడి తూటా కంటే సొంత తుపాకీకి పోయినవాళ్ళే ఎక్కువ.

అక్కడ వాదం రాజ్యాంగం చుట్టూ తిరుగుతుంది. ఇంట్లో తుపాకీ వ్యక్తిగత హక్కు అని వాళ్ళ సుప్రీంకోర్టు 2008లో చెప్పింది, 2022లో దాన్ని బయటికి తీసుకెళ్ళడానికీ విస్తరించింది. 2024లో మాత్రం, కుటుంబ హింస కేసులో కోర్టు ఆంక్ష ఉన్న మనిషి దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టం నిలబడింది. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో కాల్పుల్లో 35 మంది పోయాక ఆస్ట్రేలియా సుమారు ఆరున్నర లక్షల తుపాకుల్ని డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది.

ఇంట్లో తుపాకీ ఉంటే ధైర్యం కదా?

పైన సగమే ఒప్పుకుంటానన్నాను కదా, మిగతా సగం ఇది. తుపాకీ ముందుగా ప్రమాదం తెచ్చేది ఇంట్లోవాళ్ళకే. పంట పోయిన రాత్రి, మార్కులు తగ్గిన సాయంత్రం, మొగుడూ పెళ్ళాల గొడవ ముదిరిన పూట, చేతికందేంత దూరంలో నిండిన తుపాకీ ఉంటే ఆ క్షణం దాటదు. ఆ క్షణం దాటితే మనిషి బతుకుతాడు. నాన్న ఎండాకాలం అప్పుల్లో ఉన్న ఒక ఏడాది, అమ్మ ఆ హార్లిక్స్ సీసాను ధాన్యం గాదెలో దాచిందని ఆయన పోయాకే నాకు చెప్పింది. ఎనిమిది నెలలు రోజూ చెయ్యి పెట్టి సీసా ఉందో లేదో చూసుకునేదట. నాన్న ఒక్కసారి కూడా తూటాలేవి అని అడగలేదట.

లైసెన్సున్న ఇల్లయితే తుపాకీ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో, తాళంచెవులు వేర్వేరు మనుషుల దగ్గర. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉన్నా, చచ్చిపోవాలనుంది అన్నా, ఆ రోజే తుపాకీని స్టేషన్‌లో గానీ డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయండి. ఎవరేమనుకుంటారో అని ఆగకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ-మానస్, మన బెంగళూరు నిమ్హాన్స్ మార్గదర్శకత్వంలో నడిచే సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడేవాళ్ళుంటారు.

నాన్న బీరువాలో లైసెన్సు పుస్తకం దొరికింది, తుపాకీ మాత్రం ఎక్కడా లేదు. భయంగా ఉంది.

ముందు పాత కాగితాలన్నీ తిరగేయండి, డిపాజిట్ రసీదు ఉందేమో చూడండి. లేకపోతే పుస్తకంలో ఉన్న తుపాకీ నంబరుతో ఊరి స్టేషన్‌కు వెళ్ళి మాల్‌ఖానా (జమ చేసిన వస్తువులు ఉంచే గది) రిజిస్టరు చూడమని అర్జీ ఇవ్వండి. అక్కడా లేకపోతే పోయినట్టు వెంటనే ఫిర్యాదు రాసి, ఆ కాపీ లైసెన్సు ఇచ్చిన అధికారికి పంపండి. దాచిపెడితే రేపు అది ఎక్కడో నేరంలో దొరికినప్పుడు మొదట మీ ఇంటికే వస్తారు. హొరమావులో ఉండే ఒక అనంతపురం ఆయన ఇలాగే వణికిపోతూ ఫోన్ చేశాడు. రెండు వారాలు వెతికాక రసీదు పాత ఎల్ఐసీ బాండ్ల మధ్య దొరికింది, 1999 ఎన్నికలప్పటిది. తుపాకీ ఇంకా ఆ స్టేషన్ మాల్‌ఖానాలోనే ఉంది, వాళ్ళ నాన్న పేరు రాసిన చీటీతో సహా.